మాట ఎవరికి ఇచ్చినట్లు? – బ్రిటిష్ కన్సర్వేటివ్ పక్షంలో వలస వివాదం

గత విద్యాసంవత్సరంలో ఒకనాడు పాఠం ముగిసిన పిమ్మట బి.ఏ. తరగతి విద్యార్థి ఒకడు మమ్ము వరండాలో ఆపి ఒక ప్రశ్న అడిగినాడు. అతని అన్నగారు ఇంగ్లండులో ఎం.ఎస్‌సి. చదువదలచి అంతా సిద్ధం చేసుకొన్న తరువాత, 2024 జనవరి నుండి అక్కడ అమలులోకి వచ్చిన నిబంధన వలన భార్యను వెంట తీసుకొనిపోవుటకు వీలులేక ప్రయాణమే మానుకొన్నారట. "సార్, ఆ నిబంధన పెట్టినది కన్సర్వేటివ్ ప్రభుత్వమే గదా. వలస వద్దనుటలో వారందరిదీ ఒకే మాట అయినప్పుడు, వారిలో వారే ఇంతగా కలహించుకొన్నారని పత్రికలలో వ్రాసినారేమి?" అన్నది అతని ప్రశ్న. మేము ఆనాడు రెండు మూడు ముక్కలలో ఏదో చెప్పి పంపివేసినాము. గంట కొట్టినారన్న సాకు కూడ దొరికినది. కాని మా సమాధానం అతనికి తృప్తి కలిగించలేదని ముఖం చూడగానే తెలిసినది, మాకును కలిగించలేదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకొనుటకు.

'కన్సర్వేటివ్' అను మాటను మనవారు 'ఛాందసుడు' అనియు, 'సంప్రదాయవాది' అనియు అనువదిస్తుంటారు. మొదటిది నింద, రెండవది సగం సత్యం. మూలార్థాన్ని బట్టి ఆ మాటకు భద్రపరచువాడు అని చెప్పుకొనవలెను. ఏది భద్రపరచవలెను? చిక్కంతా ఇక్కడనే ఉన్నది. తండ్రి విడిచిన ఇల్లు నిలబెట్టవలెనని నలుగురన్నదమ్ములు ఏకగ్రీవంగా ఒప్పుకొనవచ్చును. కాని ఒకనికి ఇల్లనగా నాలుగు గోడలు; ఒకనికి తండ్రి పేరుప్రతిష్ఠలు; ఇంకొకనికి వీధివైపు గదిలో నడుచు అంగడి. వలస విషయమున బ్రిటిష్ కన్సర్వేటివ్ పక్షంలో జరిగినది ఇట్టి అన్నదమ్ముల తగవే. దానిని తెలిసికొన గోరువారు 1968వ సంవత్సరపు ఫిబ్రవరి, ఏప్రిల్ నెలలను పరిశీలించిన చాలును. అయితే అచ్చటికి చేరుటకు ముందు ఇరువది ఏండ్లు వెనుకకు పోవలసి ఉన్నది.

1948లో లేబర్ ప్రభుత్వం బ్రిటిష్ జాతీయతా చట్టం చేసినది. దాని ప్రకారం లండనులో పుట్టినవానికిని, జమైకాలోనో కెన్యాలోనో పుట్టినవానికిని పౌరసత్వం ఒకటే. స్వతంత్రములైన భారత, పాకిస్తాన్ దేశాల పౌరులకు సైతం బ్రిటన్‌లో ప్రవేశించి పనిచేసుకొను హక్కు నిలిచినది. ఆ ఏడు జూన్ నెలలో 'ఎంపైర్ విండ్‌రష్' అను ఓడ వెస్టిండీస్ నుండి కొన్ని వందలమందిని టిల్బరీ రేవునకు చేర్చినది. సామ్రాజ్యాభిమానులైన కన్సర్వేటివులలో పలువురు ఈ తెరచిన తలుపును చూచి గర్వించినవారే. 1954లో వలసరాజ్యాల శాఖ సహాయమంత్రి హెన్రీ హాప్‌కిన్సన్ పార్లమెంటులో పూర్వకాలపు రోమన్ పౌరుని జ్ఞప్తికి తెచ్చి, మేనిరంగు ఏదైనను తాను బ్రిటిష్ పౌరుడనని చెప్పుకొనగలుగుట తమకు గర్వకారణమన్నారు. అదే కాలమున అదే పక్షానికి చెందిన లార్డ్ సాల్స్‌బరీ మంత్రివర్గం లోపలను, సిరిల్ ఆస్‌బర్న్ పార్లమెంటులోను ఈ రాకను అరికట్టవలెనని పట్టుబట్టినారు. పరిశ్రమల వారికి, ఆసుపత్రులకు మనుషులు కావలెను. 1956లో లండన్ రవాణా సంస్థ బార్బడోస్ దీవికి పోయి బస్సులకు, రైళ్లకు సిబ్బందిని స్వయంగా ఎంపిక చేసుకొన్నది. సామ్రాజ్యమును ప్రేమించువాడు, జాతిని ప్రేమించువాడు, వ్యాపారమును ప్రేమించువాడు – ముగ్గురును కన్సర్వేటివులే. ముగ్గురికిని మూడు విధాన నిర్ణయాలు కావలెను.

ఇచ్చట ఒక భాషా విషయం చెప్పి ముందుకు సాగుదుము. తెలుగు ఉపన్యాసకులకు ఈపాటి స్వాతంత్ర్యం పాఠకులు ఇస్తారని నమ్మకం. పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచినవాడు వలస పోయినాడంటాము. ఇంగ్లీషువారు దొరలై వచ్చి ఏలిన దేశమును వలసరాజ్యం అంటాము. కొత్తవలస వంటి ఊరిపేరులోను అదే మాట. పాలింప వచ్చినవానికిని, పనికై వచ్చినవానికిని తెలుగు ఒకే పదం చాలుననుకొన్నది. ఇంగ్లీషులో ఆ రెంటికి వేర్వేరు పదాలుండుట చేతనేమో, ఆనాటి వక్తలలో పెక్కుమందికి ఆ రెండు రాకపోకలకు గల చుట్టరికం తట్టలేదు.

1958లో నాటింగ్‌హిల్ అల్లర్లు జరిగిన పిదప నియంత్రణ కోరువారి బలం పెరిగినది. 1962లో హోంమంత్రి ఆర్.ఏ. బట్లర్ కామన్‌వెల్త్ వలసదారుల చట్టం తెచ్చినారు. ఇక పనికై వచ్చువాడు ఓచరు పొంది రావలెను. ఐర్లండు వారిని కూడ మొదట చట్టంలో చేర్చి, సరిహద్దు కాచుట సాధ్యం కాదని ఆచరణలో విడిచిపెట్టినారు. దానితో చట్టం ఎవరికొరకో తేటతెల్లమైనదని విమర్శకులన్నారు. మేమును వారితో ఏకీభవిస్తాము.

ఇప్పుడు కెన్యా. ఉగాండా రైలుమార్గం వేయుటకు బ్రిటిష్ వారు 1896 నుండి మన దేశం నుండి, ముఖ్యముగా పంజాబు నుండి, 30,000 మందికి పైగా పనివారిని తూర్పు ఆఫ్రికాకు కొనిపోయినారు. వారిలో అధికసంఖ్యాకులు తిరిగి వచ్చినను కొందరు అక్కడనే నిలిచినారు. పిదప గుజరాతీ వర్తకులు, గోవా గుమాస్తాలు, ఉపాధ్యాయులు, మేస్త్రీలు చేరినారు. హిందువులు, ముస్లిములు, సిక్కులు, క్రైస్తవులు అందరును వీరిలో ఉన్నారు. 1963 డిసెంబరు 12న కెన్యా స్వతంత్రమైనది. పుట్టుకచేత కెన్యా పౌరులు కానివారికి ఆ పౌరసత్వం కోరుకొనుటకు రెండేండ్ల గడువిచ్చినారు. కోరనివారు బ్రిటిష్ పౌరులుగనే మిగిలినారు. స్వాతంత్ర్యానికి పూర్వం వారి పాస్‌పోర్టులు వలసరాజ్య ప్రభుత్వం ఇచ్చినవి. అనంతరం నైరోబీలోని బ్రిటిష్ హైకమిషన్ లండన్ ప్రభుత్వం తరఫున ఇచ్చినవి. 1962 చట్టం లండన్ ప్రభుత్వపు పాస్‌పోర్టు గలవారికి వర్తించదు. అనగా ఆ చిన్న పుస్తకం చేతనున్నవానికి బ్రిటన్ తలుపు తెరచియే ఉన్నది.

మన రైతులు నిత్యం పలుకు 'కౌలు' అను మాట అరబ్బీలోని 'ఖౌల్' నుండి వచ్చినది. ఖౌల్ అనగా పలుకు, ఇచ్చిన మాట. మా కళాశాలలో ఉర్దూ చదువు విద్యార్థులకు ఇది క్రొత్త కాదు. నోటిమాట కాగితం మీదికెక్కి కౌలునామా అయినది. నైరోబీ దుకాణదారుని పెట్టెలోని పాస్‌పోర్టు కూడ అట్టి కౌలునామాయే అని మా భావన. దానిని వ్రాసి ఇచ్చినది ఆనాటి కన్సర్వేటివ్ ప్రభుత్వం. సంబంధిత మంత్రి డంకన్ శాండ్స్.

1967లో కెన్యా ప్రభుత్వం పౌరులు కానివారికి పని అనుమతులు తప్పనిసరి చేసినది. ఉద్యోగాలు, దుకాణాలు పోవునని తెలిసి ఈ పాస్‌పోర్టుల వారు విమానాలెక్కుట మొదలిడినారు. బ్రిటన్‌లో కలవరం పుట్టినది. తలుపు వెంటనే మూయవలెనని ఉద్యమించినవారిలో ఇద్దరు కన్సర్వేటివులు ముందు నిలిచినారు. ఒకరు ఈనాక్ పావెల్. రెండవవారు, ఆశ్చర్యమేమనగా, ఆ డంకన్ శాండ్సే.

శాండ్స్‌ను ఎదిరించినవారు కూడ కన్సర్వేటివే – ఇయన్ మెక్లౌడ్. శాండ్స్‌కు ముందు వలసరాజ్యాల మంత్రిగా పనిచేసి, ఆఫ్రికా దేశాల స్వాతంత్ర్యానికి త్రోవ వేసినవారు. 1968 ఫిబ్రవరిలో ఆయన 'స్పెక్టేటర్' పత్రికలో శాండ్స్‌ను సంబోధించుచు బహిరంగ లేఖ ప్రకటించినారు. దాని సారాంశమిది: కెన్యాలోని ఆసియా వారికి ఈ ప్రవేశహక్కును మనమే ఇచ్చినాము, తెలిసియే ఇచ్చినాము, ఇది నీ మాట, నా మాట కూడ, ఇప్పుడు ఉపసంహరించుకొనుట మాట తప్పుటయే. శాండ్స్ దీనిని అంగీకరించలేదు. అట్టి వాగ్దానమేదియు చేయలేదనియు, ఇంతమంది ఒక్కసారిగా రావడం ఉద్దేశింపలేదనియు ఆయన వాదం. మేమీ రెండు వాదాలను చాల దినములు మనసున తూచుకొన్నాము. ఉద్దేశింపలేదనుట నిజమే కావచ్చును. అయితే హామీపత్రం మీద సంతకం చేసినవాడు అప్పులవాడు వాకిట నిలిచిన దినమున "నీవు నిజముగా వస్తావనుకొనలేదు" అనుట మన ఊళ్లలో చెల్లదు. లండనులో ఎట్లు చెల్లినదో!

చెల్లినది. లేబర్ ప్రభుత్వ హోంమంత్రి జేమ్స్ కాలహాన్ తెచ్చిన బిల్లు మూడు దినములలో ఉభయసభలు దాటి మార్చి 1న చట్టమైనది. పాస్‌పోర్టు ఉన్న చాలదు. తానుగాని, తండ్రి, తల్లి, తాత, అవ్వలలో ఒకరుగాని బ్రిటన్‌లో పుట్టియో, అక్కడ పౌరసత్వం పొందియో ఉండవలెను. మిగిలినవారికి ఏటికి 1,500 కుటుంబ యజమానుల ఓచర్లు. రెండవ పఠనమున 372 ఓట్లు అనుకూలం, 62 ప్రతికూలం. ఆ 62లో కన్సర్వేటివులు 15 మంది. మెక్లౌడ్, నైజెల్ ఫిషర్, ఇయన్ గిల్మర్ వారిలోనివారు. (మన భారత ప్రభుత్వం కూడ ఆ ఏటనే ఈ పాస్‌పోర్టుల వారు వచ్చుటకు వీసా కావలెనన్నదని ఇచ్చట చెప్పకపోవుట న్యాయం కాదు.)

నియంత్రణ కోరినవారందరును ద్వేషంతో కోరినారని మేము వ్రాయము. వలస వచ్చినవారు చేరినది ధనికుల పేటలలో కాదు. ఇళ్లు చాలని, బడులు చాలని కార్మికుల వీధులలో. అచ్చటి ఓటరు "ఈ మార్పు కావలెనా అని మమ్మెవరడిగినారు?" అన్నప్పుడు అతని ప్రతినిధికి జవాబు చెప్పవలసిన పూచీ ఉన్నది. పావెల్ నియోజకవర్గం వుల్వర్‌హాంప్టన్ అట్టిదే. ఈ పక్షపు కన్సర్వేటివుడు కూడ తాను మాట నిలుపుచున్నాననియే అనుకొన్నాడు – తన ఓటరుకిచ్చిన మాట. కావున తగవు మాట నిలుపువారికిని మాట తప్పువారికిని నడుమ మాత్రమే కాదు. ఇద్దరికి ఇచ్చిన రెండు మాటలు ఎదురుపడినప్పుడు దేని బరువెక్కువ అన్నది ప్రశ్న. మా మట్టుకు ఇట్లు తోచుచున్నది: ఓటరుకు ఇంకొక ఎన్నిక ఉన్నది, ఇంకొక పక్షమున్నది, నైరోబీ విమానాశ్రయంలో నిలిచినవానికి ఆ పాస్‌పోర్టు తప్ప వేరొక తలుపు లేదు.

పావెల్‌ను గురించి మరికొంత చెప్పవలెను. ఆయన సామాన్యుడు కాడు. ఇరువదియైదేండ్లకే ఆస్ట్రేలియాలో గ్రీకుభాషాచార్యుడైనాడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికోద్యోగియై భారతదేశంలో ఉన్నాడు, ఈ దేశాన్ని ప్రేమించినాడు, వైస్రాయి కావలెనని కలలు కన్నాడు, ఉర్దూ నేర్చినాడు. మా ఉర్దూ విభాగపు మిత్రులు ఈ సంగతి విని చాలసేపు మౌనం వహించినారు. సామ్రాజ్యం పోయిన తరువాత ఆయనకు కామన్‌వెల్త్ అంతా ఒక బూటకంగా కనబడినది. సామ్రాజ్యమే లేనప్పుడు దాని పేరిట వచ్చు హక్కు ఎక్కడిదని ఆయన తర్కం. తర్కమున లోపం లేదు. కాని సామ్రాజ్యపు లాభాలు వచ్చిన దారినే ఆ హక్కులును వచ్చినవని ఆయన గణించలేదు.

1968 ఏప్రిల్ 20న బర్మింగ్‌హాంలో ఆయన చేసిన ప్రసంగం జగద్విదితం. లాటిన్ కవి వర్జిల్ కావ్యములోని రక్తసిక్తమైన టైబర్ నదిని ఉదాహరించి, జాతుల నడుమ రాబోవు ఘోరమును వర్ణించినారు. మరునాడే పక్షనాయకుడు ఎడ్వర్డ్ హీత్ ఆయనను ప్రతిపక్ష మంత్రివర్గం నుండి తొలగించినారు. పావెల్ ఉండినచో తాము ఉండమని మెక్లౌడ్, క్వింటిన్ హాగ్, ఎడ్వర్డ్ బాయిల్, రాబర్ట్ కార్ అన్నారట. కాని లండన్ రేవు కార్మికులు పావెల్‌కు మద్దతుగా పార్లమెంటుకు ఊరేగింపుగా వచ్చినారు. గాలప్ సంస్థ విచారించగా నూటికి 74 మంది ఆయన మాటతో ఏకీభవించినారు. నాయకత్వం ఒకవైపు, పక్షపు సామాన్యులలో పెద్దభాగం ఇంకొకవైపు.

ఈ చీలిక అసలు పరీక్షకు నిలిచినది నాలుగేండ్లకు. 1972 ఆగస్టులో ఉగాండా అధ్యక్షుడు ఈదీ అమీన్ ఆసియా వారు 90 దినములలో దేశం విడువవలెనని ఆజ్ఞాపించినాడు. అప్పటికి హీత్ ప్రధాని. మెక్లౌడ్ లేరు; ఆర్థికమంత్రియైన నెలకే, 1970 జూలైలో మరణించినారు. ఉగాండాలోని బ్రిటిష్ పాస్‌పోర్టుల వారిని స్వీకరించు బాధ్యత బ్రిటన్‌కు లేదని పావెల్ వాదించినారు. అంతర్జాతీయ న్యాయం ప్రకారం ఉన్నదని అటార్నీ జనరల్ పీటర్ రాలిన్‌సన్ చెప్పినారు. హీత్ ప్రభుత్వం సుమారు 28,000 మందిని తీసుకొన్నది. సెప్టెంబరు 18న మొదటి విమానం స్టాన్‌స్టెడ్‌లో దిగినది. లెస్టర్ నగరపాలక సంస్థ మాత్రం తమ ఊరికి రావద్దని ఉగాండా పత్రికలో ప్రకటన వేయించినది. ఆ లెస్టరే పిమ్మట వారి దుకాణాలతో, కర్మాగారాలతో పేరుపొందినది.

అక్టోబరులో బ్లాక్‌పూల్‌లో పక్ష మహాసభ జరిగినది. పావెల్ స్వయంగా వేదికనెక్కి ప్రభుత్వమును విమర్శించు తీర్మానం ప్రతిపాదించినారు. యువ కన్సర్వేటివుల సంఘం ప్రభుత్వ చర్యను బలపరచు సవరణ తెచ్చినది. మహాసభలో సాధారణముగా చేతులెత్తి ముగింతురు. ఆనాడు ఓట్లు లెక్కించినారు. సవరణకు 1,721, వ్యతిరేకముగా 736. ఇరువదియేండ్ల వయసువారు తమ పక్షమును మాట మీద నిలబెట్టిన ఈ ఘట్టం మా విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

ఐతే ఆ మరుసటి నెలలోనే పార్లమెంటులో విచిత్రం జరిగినది. 1971 వలస చట్టం క్రింద తయారైన క్రొత్త నిబంధనలు ఐరోపా ఆర్థిక సమాజపు దేశాల వారికి సులభముగను, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వారికి కష్టముగను ఉన్నవని కన్సర్వేటివ్ సభ్యులే కోపించినారు. కొందరు ఎదురు ఓటు వేసినారు, ఎక్కువమంది ఓటు వేయక ఊరకున్నారు. నవంబరు 22న 275–240 తేడాతో ప్రభుత్వం ఓడిపోయినది. వలసను తగ్గింపుమని కోరిన వారిలోనే కొందరు రక్తబంధువులకు తలుపు ఇంకను తెరువుమని కోరినారు. సంఖ్య ఒక్కటే వారి చింత కాదని దీనివలన తెలియును.

తరువాతి కథను త్వరగా చెప్పెదము. 1990లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం హాంకాంగ్‌లోని 50,000 కుటుంబాలకు బ్రిటిష్ పౌరసత్వం ఇవ్వదలచినప్పుడు, ఆమెకు అత్యంత సన్నిహితుడైన నార్మన్ టెబిట్ తిరుగుబాటునకు నాయకుడైనాడు. 2010లో డేవిడ్ కామెరాన్ నికర వలసను లక్షలోపునకు తెచ్చెదమన్నారు. 2023 నాటికి అది తొమ్మిది లక్షలు దాటినది. ఆసుపత్రులకు, వృద్ధాశ్రమాలకు, విశ్వవిద్యాలయాల రుసుములకు మనుషులు కావలసి వచ్చినారు. రావద్దన్న ప్రభుత్వమే వీసాలిచ్చినది. మన తెలుగు విద్యార్థులు వేలాదిగా పోయినదీ ఆ తెరచిన తలుపునుండియే. పిమ్మట ఓటరుకిచ్చిన మాట గుర్తుకు వచ్చి తలుపు మూసినారు. మా విద్యార్థి అన్నగారి భార్యకు అడ్డుపడినది ఆ తలుపురెక్కయే.

అతడు పత్రికలలో చదివిన కలహం రువాండా పథకానికి సంబంధించినది. అనుమతి లేక వచ్చి ఆశ్రయం కోరువారిని రువాండాకు పంపవలెనని 2022లో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం నిశ్చయించినది. 2023 నవంబరులో సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. దానిపై రిషి సునాక్ బిల్లు తేగా, అంతర్జాతీయ ఒప్పందాలను ఉల్లంఘింపరాదని పక్షంలోని మితవాదులు, ఆ ఒప్పందాలే అడ్డమని మరియొక వర్గం ఆయనను ఇరువైపుల లాగినవి. వలసల మంత్రి రాబర్ట్ జెన్రిక్ బిల్లు చాలదని రాజీనామా చేసినారు. 2024 జనవరి 17న మూడవ పఠనంలో 11 మంది కన్సర్వేటివులు ఎదురు ఓటు వేసినారు. వారిలో మాజీ హోంమంత్రి సుయెల్లా బ్రావర్మన్ ఒకరు. సునాక్ తండ్రి కెన్యాలో పుట్టినవారు. బ్రావర్మన్ తండ్రి 1968లో కెన్యా నుండి బ్రిటన్ చేరిన గోవా వంశీయుడు. తూర్పు ఆఫ్రికా నుండి వచ్చినవారి సంతానమే ఆ పక్షపు గడపకు లోపల నిలిచి, తలుపు ఎంత మూయవలెనని వాదులాడుకొన్నారు. ఇందులో వెక్కిరింపదగినది మాకేమియు కనబడదు. లోపలికి వచ్చినవాడు లోపలివాడైనాడనుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

లోపలికి రాలేనివారి సంగతి మిగిలియున్నది. 1968 చట్టం తరువాత ఓచరు దొరకని పాస్‌పోర్టుదారులు కొందరు విమానాలెక్కి లండనులో దిగి, త్రిప్పి పంపబడి, మరొక దేశమును చేరి, అక్కడనుండియు త్రిప్పబడి, బంతి వలె విమానాశ్రయం నుండి విమానాశ్రయానికి తిరిగినారు. వారి ఫిర్యాదుల మీద ఐరోపా మానవహక్కుల కమిషన్ 1973లో ఆ చట్టం జాతివివక్షతో కూడినదని అభిప్రాయపడినది. చట్టం వెంటనే మారలేదు. వేరే ఏ దేశపు పౌరసత్వమూ లేని ఆ పాస్‌పోర్టుదారులు తమను బ్రిటిష్ పౌరులుగా నమోదు చేయుమని హక్కుగా కోరవచ్చునని 2002లో మరొక చట్టమైనది. ఆ నిబంధన అమలులోకి వచ్చినది 2003 ఏప్రిల్ 30న. 1968లో ముప్పదియేండ్ల వయసులో నైరోబీలో సామాను కట్టుకొన్నవాడు జీవించియున్నచో, ఆనాటికి అరువదియైదేండ్లవాడు.